బ్యాలే మేడమ్‌కి మూడు నిమిషాలు

మా దోహా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో మొన్న శుక్రవారం పొద్దున బ్యాలే మేడమ్ పోయిందని మెసేజ్ వచ్చింది. పెట్టినాయన ఫొటో కూడా జతచేశాడు. ఫొటోలో ఉన్నది బ్యాలే మేడమ్ కాదు. ఒకప్పుడు మాకు ప్రాణాయామం నేర్పి వెళ్ళిన ఇంకో తెల్లావిడ. ఆవిడ నిక్షేపంలా ఉంది. వారం కిందట కూడా ఎక్కడో సముద్రం ఒడ్డున తలకిందులుగా నిలబడి ఫొటో పెట్టింది. అయినా ఎవరికీ అనుమానం రాలేదు. గంట తిరిగేసరికి గ్రూపు నిండా దండాలు, దీపాలు, పువ్వులు. ఒకాయన నిద్రమత్తులో "మెనీ హ్యాపీ రిటర్న్స్ మేడమ్" అని పెట్టి, ఎవరో ఫోన్ చేసి చెప్పాక తీసేశాడు. అధ్యక్షుల వారు "ఆమె మృతి మన సంఘానికి తీరని లోటు" అని రాశారు. ఆయనకి అన్నీ తీరని లోట్లే. కిందటి నెల సౌండ్ సిస్టమ్ కాలిపోయినప్పుడు కూడా అదే మాట రాశారు.

నాకు ఒళ్ళు మండింది. ఫొటో తప్పండీ అని టైపు చేసి, మళ్ళీ తుడిపేశాను. మేమందరం కలిసి ఆవిడకి చేసిన మర్యాద ముందు ఈ ఫొటో తప్పు ఏపాటిది? అందులో పెద్ద వాటా నాది. అప్పట్లో సంఘానికి కల్చరల్ సెక్రటరీని నేనే.

ఆవిడకి పేరు లేక కాదు, అది పలకడం మా వల్ల కాలేదు. హల్లులన్నీ ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్న పేరు. ఒకరిద్దరు ప్రయత్నించి తుమ్మినంత పని చేశారు. అందుకని బ్యాలే మేడమ్ అన్నాం. దేశం ఏదంటే, చిన్నప్పుడు ఒక పేరుండేదట, పెద్దయ్యాక ఇంకో పేరొచ్చిందట. "దేశం సంగతి వదిలెయ్, మా థియేటర్ దానికంటే పాతది" అనేది. యాభై దాటిన మనిషి. తల వెనక్కి లాగి ముడి ఎంత బిగించేదంటే కనుబొమలు కూడా పైకి లేచి ఉండేవి. దాంతో ఎప్పుడు చూసినా మన మాట నమ్మనట్టే కనిపించేది.

ఊరి చివర ఐన్ ఖాలిద్‌లో ఒక విల్లా వెనక హాల్లో క్లాసు. మేము అప్పుడు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ఏరియాలో ఉండేవాళ్ళం. అక్కడి నుంచి వారానికి రెండుసార్లు అంత దూరం మా అమ్మాయిని తీసుకెళ్ళేదాన్ని. నాకు బ్యాలే మీద ప్రేమా? నా మొహం. మా బిల్డింగులో నలుగురు ఆడపిల్లలుంటే నలుగురూ కూచిపూడే. నేనూ అదే చేర్పిస్తే ఇక తేడా ఏముంది? ఊళ్ళో మా అక్కకి ఫోన్ చేసి "దీన్ని బ్యాలేలో వేశానే" అని చెప్పిన రోజున అక్క రెండు క్షణాలు మాట్లాడలేదు. ఆ రెండు క్షణాల కోసమే నేను మూడేళ్ళు కారు నడిపాను.

మొదటి రోజు ఆవిడ నా మొహం చూడలేదు. కాళ్ళ వంక చూసింది. చెప్పులు విప్పమంది. విప్పాను. చటుక్కున నేల మీద కూర్చుని నా పాదం చేతిలోకి తీసుకుంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. నాకంటే పెద్దావిడ, గురువు, నా కాళ్ళు పట్టుకోవడమేమిటి! లాక్కోబోతే వదల్లేదు.

"ఎంత మంచి పాదం! ఈ వంపు చూడు. పదేళ్ళ వయసులో ఇది నా చేతికి వచ్చి ఉంటే..." అని తలెత్తి, "ఇన్నాళ్ళూ దీంతో ఏం చేశావు?" అని అడిగింది.

"ఏం చేస్తానండీ, సూపర్ మార్కెట్‌కి వెళ్ళొచ్చాను."

"వృథా," అని పాదం కింద పెట్టేసింది.

తర్వాత మా అమ్మాయి పాదం చూసింది. అది అచ్చం వాళ్ళ నాన్న పాదం, చపాతీ పీట. దాన్ని చూసి ఆవిడ నిట్టూర్చింది. ఇంటికొచ్చి మా ఆయనతో పెద్ద గొడవ పెట్టుకున్నాను. ఎందుకో ఆయనకి ఇప్పటికీ తెలియదు.

చేతిలో ఎప్పుడూ మడిచిన గొడుగుండేది. దోహాలో వాన ఏడాదికి ఎన్నిసార్లు పడుతుంది గనక? అది పిల్లల మోకాళ్ళ మీద, పొట్టల మీద పొడవడానికి. వేలెడు పొట్ట ముందుకొస్తే చాలు, గొడుగు మొన వచ్చేది. మేము తల్లులం గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుంటే, వెళ్తూ వెళ్తూ మమ్మల్నీ ఒక పోటు పొడిచేది. మేము అందరం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం. గంట క్లాసు అయ్యేసరికి పిల్లల కంటే మేమే ఎక్కువ అలిసిపోయేవాళ్ళం.

ఇక అబద్ధం ఆడటం ఆవిడకి చేతకాదు. "మా పాప ఎలా చేస్తోంది మేడమ్?" అని ఒకావిడ ముద్దుగా అడిగింది. "చాలా కష్టపడుతోంది. రాదు," అంది. ఆ తల్లి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "ఎందుకు ఏడుస్తున్నావు? రాదని దానికి తెలుసు, అది హాయిగా ఉంది. నీకే తెలియలేదు," అంది. మర్నాటి నుంచి ఆ తల్లి రాలేదు. పిల్ల మాత్రం వాళ్ళ నాన్నతో వచ్చేది.

ఇంకో చిత్రం ఆవిడ తెలుగు. అది నేర్పినవాడు మల్లేశం. జగిత్యాల దగ్గర పల్లె. విల్లా ఓనరు కంపెనీలో కార్పెంటరు, ఉండేది ఊరవతల బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంపులో. ఆ హాల్లో నేల వేసింది అతనే. ఆవిడ అతన్ని తప్ప ఇంకెవరినీ ఆ నేల మీద సుత్తి పెట్టనిచ్చేది కాదు. నెలకోసారి ఏదో ఒక పలక కిర్రుమందని పిలిపించేది. ఇద్దరూ నేల మీద బోర్లా పడుకుని, చెవులు ఆనించి వినేవాళ్ళు. ఆవిడది విరిగిన ఇంగ్లీషు, అతనిది సైటులో నేర్చిన హిందీ, మధ్య మధ్య అరబ్బీ, ఏదీ చాలకపోతే తెలుగు. ఆ భాషలో వాళ్ళు గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. మా సంఘం కార్యవర్గంలో అందరికీ ఒకే భాష, ఏ ఇద్దరికీ పొత్తు కుదరదు.

"గిది మామూలు నేల గాదక్కా," అని ఒకసారి నాకు చెప్పాడు. "కింద రబ్బరు, మీద కట్టె, దాని మీద మళ్ల కట్టె. దుంకితే పైకి లేపుతది. సిమెంటు మీద దుంకితే పోరగాండ్ల మోకాళ్ళు ఖరాబైతయ్. మేడమ్‌కు అట్లనే అయినయ్ గద."

"నీకెవరు చెప్పారు తమ్ముడూ?"

"ఆమెనే జెప్పింది. మా ఇంటిది ఫోన్‌ల అడిగింది, దుబాయ్‌ల ఏం పని జేస్తున్నవని. ఆమెకు గల్ఫంత దుబాయే. దుంకెటోళ్ళకు నేల ఏస్తున్న అన్న. నవ్వవట్టె, నవ్వవట్టె, ఇగ ఆపదు."

అలా ఆవిడకి వచ్చిన తెలుగంతా జగిత్యాల తెలుగు. "గట్ల గాదు! మళ్ల! మంచిగ నిలవడు!" అని గొడుగు ఊపుతుంటే మా గుంటూరు, కాకినాడ పిల్లలు గజగజలాడేవాళ్ళు. విజయవాడ ఆవిడొకామె నా దగ్గరకొచ్చి, "మా పాప ఇంట్లో 'గట్ల గాదు మమ్మీ' అంటోందండీ, ఎవరి సావాసమో ఏమో" అని మొహం చిట్లించింది. యూరప్ నుంచి దిగుమతి చేసుకున్నామమ్మా అన్నాను.

ఆవిడ సంగతి నాకు తెలిసింది ఒకే ఒక్క సాయంత్రం. మా ఆయన కారు తీసుకెళ్ళి రావడం ఆలస్యం చేశారు. పిల్లలందరూ వెళ్ళిపోయారు, మా అమ్మాయి ఒక మూల హోంవర్కు చేసుకుంటోంది. ఆవిడ మోకాలి మీద ఐసు సంచీ పెట్టుకుని, డికాషన్ లాంటి టీలో చెంచాడు జామ్ కలిపి నాకిచ్చింది. తాగలేక, పారబోయలేక పట్టుకుని కూర్చున్నాను.

మాటల్లో పెట్టి, మీరు ఏ ఏ పాత్రలు వేశారని అడిగాను. పెద్ద హీరోయిన్ అనుకున్నాను మరి. ఊళ్ళో అక్కకి కూడా అలాగే చెప్పి ఉన్నాను.

"పంతొమ్మిదేళ్ళు చేశాను. రాణిగారి చెలికత్తెని. పల్లెటూరి పిల్లని. పెళ్ళికొచ్చిన జనాన్ని. రెండేళ్ళు గోడని."

"గోడేమిటి మేడమ్?"

"రాణి ఏడవాలంటే వెనకాల ఏదో ఒకటి ఉండాలిగా. పన్నెండు మందిమి చేతులు పట్టుకుని గోడలా నిలబడేవాళ్ళం. కదలకూడదు. ఊపిరి కూడా కలిపి తీయాలి. నువ్వు చెయ్యి చూద్దాం."

నాకు నవ్వొచ్చింది. ఇంత దూరం కారు నడిపి నేను మా అమ్మాయిని ఒక గోడ దగ్గర చేర్పించానన్నమాట. ఆవిడ చూసింది నా నవ్వు. కోపం తెచ్చుకోలేదు.

"వెనక వరస తప్పు చేస్తే తప్పంటారు. ముందు వరస తప్పు చేస్తే కొత్తగా ఉందంటారు. నేను పంతొమ్మిదేళ్ళలో ఒక్క అడుగు తప్పలేదు."

"మరి ముందుకెందుకు రాలేదు?"

"మెడ," అని చూపించింది. "ఒక్క సెంటీమీటరు తక్కువ. తొమ్మిదేళ్ళప్పుడే స్కూల్లో కొలిచి రాసేశారు."

నా కళ్ళకి అది శుభ్రమైన మెడే. నాకున్నదానికి రెండింతలుంది.

అప్పుడు చెప్పింది. వాళ్ళ థియేటర్‌లో ఒక పద్ధతి ఉందట. రిటైరయ్యే రోజున ఎంత వెనక వరస మనిషినైనా ముందుకి తెచ్చి మూడు నిమిషాలిస్తారు. ఒక్కతే ఆడాలి. ఆఖర్న జనానికి వంగి నమస్కరించాలి. ఆ ఊరి జనం లేచి తిరిగి తలలు వంచుతారు. "అంతే. ఆ తర్వాత ఇంటికెళ్ళి లావెక్కొచ్చు," అంది. ఆవిడ వంతు వచ్చిన ఏడాది థియేటర్ పైకప్పు కూలింది. మరమ్మతులు రెండేళ్ళు పట్టాయి. ఈలోగా ఆవిడకి వయసు దాటిపోయింది, రిటైర్మెంటు కాగితం పోస్టులో ఇంటికొచ్చింది.

"పోస్టుమన్‌కి నమస్కారం పెట్టాను," అంది. నవ్వలేదు.

నేను జామ్ టీ ఒక గుక్క తాగాను. 

"వేసవిలో డాక్టరు ఈ మోకాలు తీసి వేరేది పెడతాడు. తర్వాత బాగా నడవొచ్చట. నేను నడవడానికి పుట్టానా?" అని ఐసు సంచీ తీసేసి, మొదటిసారి నా మొహంలోకి చూసింది. "మీ ఉగాది ఫంక్షన్లో పిల్లల డాన్సు పెట్టావు కదా. ఆఖర్న నాకు మూడు నిమిషాలివ్వు. డబ్బు వద్దు, పేరు వద్దు. మూడు నిమిషాలు."

"మూడేం ఖర్మ మేడమ్, పది తీసుకోండి!" అన్నాను. మన నోటికి దానగుణం ఎక్కువ.

"పది వద్దు. మూడే. కానీ నేల మల్లేశం వెయ్యాలి. దాని మీద బూట్లు వద్దు, నీళ్ళు వద్దు, నూనె వద్దు."

స్టేజీ మీద నూనె ఎందుకొస్తుంది మేడమ్, మేమేమైనా గారెలు వేస్తామా అని నవ్వాను.

మల్లేశం రెండు శుక్రవారాలు సెలవు పోగొట్టుకుని పలకలు కోశాడు. మూడో శుక్రవారం, అంటే ఫంక్షన్ రోజు, తెల్లారే కంపెనీ పికప్‌లో తెచ్చి మేము అద్దెకి తీసుకున్న స్కూలు ఆడిటోరియం స్టేజీ నిండా పరిచి, మీద నల్లటి షీటు వేశాడు. మేడమ్ వట్టి కాళ్ళతో ఆ కొస నుంచి ఈ కొసకి నడిచి, రెండుసార్లు చిన్నగా ఎగిరి, "మంచిగున్నది," అంది. మల్లేశం మొహం చూడాలి అప్పుడు.

కార్యక్రమం మూడింటికి. అంటే నాలుగున్నరకి. ఎనిమిదింటికి హాలు ఖాళీ చెయ్యాలి. నేను గేటు దగ్గర ముఖ్య అతిథి కోసం పూలగుత్తి పట్టుకుని నిలబడ్డాను. ఆయన దారి తప్పి వేరే స్కూలుకి వెళ్ళి, అక్కడ మలయాళీల సభలో ముందు వరసలో కాసేపు కూర్చుని వచ్చారు. నేను లోపలికి వచ్చేసరికి జ్యోతి ప్రజ్వలన అయిపోయింది. దీపపు కుందిని పక్కన పెట్టమని నేను మరీ మరీ చెప్పాను. ఫొటోగ్రాఫరు బ్యానర్ పడటం లేదన్నాడట, స్టేజీ నడిమధ్యకి జరిపారు. పదకొండు మంది పెద్దలు, తలో వత్తి. ఒక్కొక్కరూ వెలిగించాక కెమెరా వైపు తిరిగి నవ్వేదాకా కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డారు. ఒక వత్తి ఆరిపోతే శాస్త్రం కాదని ఎవరో డబ్బాతో నూనె వంచారు. దీపం దగ్గర మాత్రం అందరూ భక్తిగా బూట్లు విప్పారు. వెలిగించాక మళ్ళీ తొడుక్కుని, ఆ నేల మీదే నిలబడి ప్రసంగాలు చేశారు.

ఆ తర్వాత సన్మానాలు. స్పాన్సర్లకి శాలువాలు, స్పాన్సర్ల బావగార్లకి శాలువాలు. మధ్యలో బ్యాలే మేడమ్‌ని కూడా పిలిచి ఒక శాలువా కప్పారు. ఆవిడ అధ్యక్షుల వారి వంక చూడటం లేదు, నేల వంక చూస్తోంది. దీపం తీసేసిన చోట చాప వెడల్పున నూనె, నలిగిన బంతిపూలు, ఎవరిదో బూటు జారిన గీత.

పిల్లలు తెల్ల గౌన్లు వేసుకుని పక్కన వరసగా నిలబడ్డారు. యాంకరు పేరు కూడా పిలిచేసింది. మేడమ్ చెయ్యి అడ్డం పెట్టి పిల్లల్ని ఆపింది. భుజం మీద శాలువా తీసి, స్టేజీ మధ్యకి వెళ్ళి, రెండు మోకాళ్ళ మీద కూలబడి, ఆ శాలువాతో నూనె తుడవడం మొదలుపెట్టింది.

అబ్బో, అప్పుడు చూడాలి హాలు! ఇప్పుడే కప్పిన పట్టు శాలువా! "సంస్కారం లేదు," అని ఒకరు. "తెల్లవాళ్ళకి మన సంప్రదాయం ఏం తెలుసు," అని ఇంకొకరు. అధ్యక్షుల వారు నా దగ్గరకొచ్చి, "అమ్మా సెక్రటరీ గారూ, ఇది సంఘానికే అవమానం," అన్నారు. ఆ నూనె మీద కాలు వేస్తే ముప్ఫై మంది పిల్లల్లో ఎవరి కాలో విరిగేదని ఆ హాల్లో ఎవరికీ తోచలేదు. మల్లేశం ఒక్కడే పరిగెత్తుకొచ్చి, తన చొక్కా విప్పి, వట్టి బనీనుతో ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆ చొక్కాతో తుడిచాడు. జనం నవ్వారు. నేను కూడా, చెప్పకేం, సిగ్గుతో తల పక్కకి తిప్పుకున్నాను.

పిల్లలు ఆడారు. మా అమ్మాయి చపాతీ పీట కాళ్ళతో వెనక వరసలో ఆడింది, ఒక్క అడుగు తప్పలేదు. నాకు తెలియకుండానే ఏడ్చాను. పక్కావిడ "ముందు వరసలో పెట్టించాల్సింది కదండీ, మీరే సెక్రటరీ" అని ఓదార్చింది.

తర్వాత సినిమా పాటలు, మిమిక్రీ, స్పాన్సరు గారి అబ్బాయి కీబోర్డు. ఏడున్నర దాటింది. హాలు వాచ్‌మన్ తలుపు దగ్గర నిలబడి గడియారం చూపిస్తూ "ఖలాస్ మేడమ్, ఖలాస్" అంటున్నాడు. నా లిస్టులో మూడు మిగిలాయి. అధ్యక్షుల వారి భార్య, ఆవిడ స్నేహితురాళ్ళు ఏడుగురూ ఒకే రంగు చీరల్లో చేసే డాన్సు. లక్కీ డ్రా. మేడమ్ మూడు నిమిషాలు.

"ఏదో ఒకటి తియ్యాలమ్మా," అన్నారు అధ్యక్షుల వారు. ఏదో ఒకటి అంటే ఏదో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. భార్య డాన్సు తీసేస్తే వచ్చే ఏడాది నేను సెక్రటరీని కాను. లక్కీ డ్రా తీసేస్తే జనం కుర్చీలు విరగ్గొడతారు. పెన్ను తీసి మేడమ్ పేరు మీద గీత కొట్టాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని కొట్టించలేదు.

మల్లేశం చూశాడు. "అక్కా, ఆమె సంగతేంది మరి?"

"ఆవిడ మోకాలు చూశావుగా తమ్ముడూ. ఎలాగూ చెయ్యలేదు."

"చేస్తదా చెయ్యదా ఆమె జెప్పాలె గదక్కా. మనమెట్ల జెప్తం?"

 పక్క తెర వెనక్కి వెళ్ళాను. ఆవిడ తెల్ల గౌనులో ఉంది. ఇరవై ఏళ్ళ కిందటిది కాబోలు, నడుము దగ్గర కొత్త గుడ్డ అతుకు వేసి కుట్టుకుంది. గోడకున్న పైపు ఒక చేత్తో పట్టుకుని, ఒక కాలు నెమ్మదిగా పైకెత్తి, దించి, మళ్ళీ ఎత్తుతోంది. మోకాలు వాచి ఇంత లావైంది. దాని మీద గుడ్డపట్టీ బిగించి కట్టింది.

"ఎన్ని నిమిషాలుంది?" అంది.

"సారీ మేడమ్. టైమ్ లేదు. హాలు వాళ్ళు..."

ఎత్తిన కాలు గాలిలోనే ఒక క్షణం ఆగింది. తర్వాత నేల చప్పుడు కాకుండా దించింది.  తిట్టి ఉంటే బాగుండేది.

చీరల డాన్సు అయింది. లక్కీ డ్రా మొదలైంది. కిందటేడు మొదటి బహుమతి బంగారు నాణెం అధ్యక్షుల వారి బావమరిదికే తగిలి, పెద్ద రభస అయింది. అందుకని ఈసారి చీటీ బయటి మనిషి చేత తీయించాలని తీర్మానం. అధ్యక్షుల వారు అటూ ఇటూ చూశారు. తెర వెనక తెల్ల గౌనులో తెల్ల మనిషి కనిపించింది. ఇంతకంటే బయటి మనిషి ఎక్కడ దొరుకుతుంది?

"యల్లా యల్లా మేడమ్, రండి!" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళారు.

ఆవిడ నన్ను చూసింది. మనసు మార్చుకుని సమయం ఇచ్చాననుకుంది. ఆ చూపులో కృతజ్ఞత ఉంది, నేను చచ్చిపోయాను. పంతొమ్మిదేళ్ళు వెనక వరసలో నిలబడ్డ మనిషి స్టేజీ ముందుకి నడిచింది. కుంటలేదు. ముందు వేళ్ళు, తర్వాత మడమ, అలా నడిచింది. నడిమధ్యకి వచ్చి, పాదాలు కలిపి, చేతులు గుండ్రంగా ముందుకి పట్టి, పాట కోసం ఎదురుచూసింది.

పాట రాలేదు. గుండ్రంగా పట్టిన ఆ చేతుల్లో అధ్యక్షుల వారు చీటీల స్టీలు బిందె పెట్టారు.

హాలంతా చప్పట్లు, ఈలలు. ఆవిడ బిందె వంక చూసింది. అర్థమైంది. ఒక చెయ్యి లోపలికి పెట్టి, ఒక చీటీ తీసి యాంకరుకి ఇచ్చింది. యాంకరు గొంతు సవరించుకుని, మైకులో నంబరు చదివింది.

నంబరు వినగానే నాలుగైదు వందల మంది ఒక్కసారిగా తలలు వంచి ఒళ్ళో ఉన్న టికెట్లు చూసుకున్నారు. ముందు వరస పెద్దలు, వెనక వరస బ్యాచిలర్లు, చీరల వాళ్ళు, పిల్లలు, అందరూ. చప్పుడు లేదు.

సరిగ్గా అప్పుడు ఆవిడ బిందె కింద పెట్టింది. ఒక కాలు వెనక్కి జరిపి, రెండు చేతులూ పక్కలకి విప్పి, ఆ వాచిన మోకాలు నేలకి తాకేదాకా, తొందర లేకుండా కిందికి వంగింది. అంత కిందికి వంగి, తల దించి, అక్కడే ఉంది. ఎవరూ చూడలేదు. నేను చూశాను, మల్లేశం చూశాడు. మళ్ళీ ఎవరి సాయం లేకుండా లేచింది. అప్పుడే పదో వరస నుంచి ఎవరో "నాదే, నాదే!" అని కేక వేశాడు.

మర్నాడు క్షమాపణ చెప్పడానికి వెళ్ళాను. ఆవిడ కుర్చీ మీద కాలు చాపుకుని, మోకాలి మీద ఐసు పెట్టుకుని కూర్చుంది. నేను మొదలుపెట్టకముందే మొదలుపెట్టింది.

"మీ వాళ్ళు ఎంత మర్యాదస్తులు! హాలంతా ఒకేసారి తల వంచింది. మా థియేటర్‌లో కూడా ఇంత సమంగా ఎప్పుడూ వంచలేదు."

వెటకారమేమోనని మొహంలోకి చూశాను. బిగించిన ముడి, పైకి లేచిన కనుబొమలు, ఏమీ తెలియలేదు.  గీత కొట్టింది నేనే, వాళ్ళు చూసుకున్నది టికెట్లు, మీరనుకున్నది కాదు అని కాళ్ళ మీద పడి చెప్పేద్దామని నోరు తెరిచాను.

"నాకు తెలుసు," అంది. "చెప్పకు."

ఆవిడ బతికున్నన్నాళ్ళూ చెప్పలేదు.